కథకు ఆయువెంత?

కథ నారంభించుట యొక విద్య. ముగించుట మరియొక విద్య. మొదటిది తెలిసినవారు పెక్కుమంది; రెండవది తెలిసినవారు కొందరే. టెలివిజన్‌లో ఏటేట వెలువడుచున్న వైజ్ఞానిక కల్పనా ధారావాహికలను చూచినచో ఈ సత్యము తేటపడును. అట్టి ధారావాహిక క్రొత్తగా ప్రారంభమైనపుడెల్ల, ఇది ఎన్ని విడతలు, అనగా ఎన్ని సీజన్లు, సాగవలెనను ప్రశ్న పుట్టుచున్నది. ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. చూచువాని కాలమునకు, కుతూహలమునకు, నమ్మకమునకు సంబంధించిన ప్రశ్న.

సంసార కథకు అంతము లేకున్నను పెద్ద లోటు లేదు. జీవితమువలె అదియు సాగిపోవచ్చును. వైజ్ఞానిక కల్పన అట్టిది కాదు. అది తొలినాడే ఒక ప్రశ్నను నిలబెట్టును. కాలములో వెనుకకు పోగల మార్గమున్నచో ఏమగును? నక్షత్రముల నడుమ వేరువేరు జాతులు ఒక్కచోట నివసింపవలసివచ్చినచో ఏమగును? ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క నొకటి వ్రాసి, గంట మ్రోగినంతనే జవాబు రేపు చెప్పెదనని వెడలిపోయినచో, విద్యార్థులు మరునాడు ఉత్సాహముతో వత్తురు. పదిదినములు అట్లే జరిగినచో, జవాబు ఆయనకైనను తెలియునా యని సందేహింతురు. ఆ సందేహము పుట్టిననాడే పాఠము చెడినది.

ధారావాహికలలో రెండు తెరగులు కలవు. ప్రతి భాగమును ఒక సంపూర్ణ కథగా నడచునది యొకటి. అమెరికాలో 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ఇట్టిది. ప్రేక్షకుల ఉత్తరముల ఉద్యమము తోడై మూడవ విడత లభించినను, 79 భాగములతో 1969లో అది ఆగిపోయెను. అయినను దాని కీర్తికి లోపము రాలేదు. ఏ భాగమునకా భాగము పూర్తియైన కథయే గదా! బ్రిటన్‌లో 1963లో ఆరంభమైన ‘డాక్టర్ హూ’, నాయకుడు తన రూపమును మార్చుకొనగలడను కల్పనను 1966లో చేర్చుకొని, నటులు మారినను 1989 వరకు సాగెను. 2005లో మరల ప్రాణము పోసికొనెను. ఇట్టివానికి హద్దు పెట్టనక్కరలేదు. క్రొత్త ఊహ యున్నంతకాలము సాగవచ్చును.

రెండవ తెరగు వేరు. అందు కథ యంతయు ఒక్కటే. జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ‘బాబిలాన్ 5’ను ఐదేండ్ల నవలవలె ముందే రూపొందించెను. నాలుగవ ఏట, ఐదవ విడత దొరకునో లేదో తెలియక, ప్రధాన ఘట్టములను త్వరపరచి ముగింపవలసివచ్చెను. పిదప మరియొక ప్రసార సంస్థ ఆదుకొనగా ఐదవ విడత వచ్చెను గాని, నాలుగవది క్రిక్కిరిసినట్లును, ఐదవది పలుచబడినట్లును పెక్కుమంది ప్రేక్షకులకు తోచెను. 2004లో ప్రారంభమైన ‘లాస్ట్’కు మొదట గడువు లేదు. 2010లో ముగింతుమని 2007లో ప్రకటించిన పిదపనే కథను గమ్యమువైపు తిన్నగా నడుపుటకు వీలు కలిగెను. జర్మనీ నుండి వచ్చిన ‘డార్క్’ 2017 నుండి 2020 లోపల, మూడు విడతలలో, 26 భాగములలో, తన చిక్కుముడిని తానే విప్పుకొని విరమించెను.

కథలకు పట్టుచున్న ఈ అవస్థకు చాలవరకు వ్యాపారమే మూలము. అమెరికాలో చిరకాలము, సుమారు నూరు భాగములున్న ధారావాహికనే పునఃప్రసారములకై స్థానిక కేంద్రములకు లాభముగా అమ్మవచ్చునను లెక్క యుండెడిది. కథ ముగిసినను సంఖ్య చాలదు. ఆదరణ తగ్గినచో, కథ మిగిలియున్నను ప్రసారము నిలువదు. 2002లో ‘ఫైర్‌ఫ్లై’ 14 భాగములు నిర్మింపబడగా, తొలి ప్రసారమున 11 మాత్రమే వెలువడి ఆగిపోయెను. మిగిలిన కథలో కొంత 2005లో చలనచిత్రముగా చెప్పవలసివచ్చెను. సాగదీయుట యెంత దోషమో, గొంతు నులుముటయు అంత దోషము.

ప్రజలు చూచుచుండగా ఆపనేల యని కొందరడుగవచ్చును. ఆదరణ కథకు బలము నిచ్చునేగాని గమ్యమును చూపజాలదు. నన్నయ అరణ్యపర్వమున విడిచిన భారతమును తిక్కన, ఎఱ్ఱనలు వేరువేరు కాలములలో పూరించిరి. ముగ్గురి చేతులు పడినను, శతాబ్దములు గడచినను ఆ గ్రంథము చెదరలేదు. పదునెనిమిది పర్వముల గమ్యము ముందే నిర్ణయమై యుండుటయే అందులకు కారణము. పొడవు దోషము కాదు; గమ్యము లేని పొడవు దోషము.

కావున ఒకే కథను ధారావాహికగా తలపెట్టువారు, చివరి భాగమున ఏమగునో తెలిసికొనిన పిదపనే మొదటి భాగమును వ్రాయవలెను. అట్టి కథకు మూడు మొదలు ఐదు విడతలు సాధారణముగా చాలును. ప్రసార సంస్థలును ఆ గడువును ముందే అంగీకరించి మన్నింపవలెను. నడుమ ఆపక తప్పనిచో ముగింపునకు రెండు మూడు భాగములైనను ఈయవలెను. ప్రశ్నకు జవాబు కోరుట విజ్ఞానమునకు ఆధారమైన గుణము. బాలబాలికలలో ఆ గుణమును మేల్కొలుపు కథలు దానిని నిరాశపరచి పంపరాదు. నల్లబల్లపై లెక్క వ్రాసినవాడు, చివరి గంట మ్రోగులోపల జవాబును వ్రాయవలెను.