వేషాలు రాక కలం పట్టలేదు

నందిగామలో టీ కొట్టు దగ్గరైనా, జగ్గయ్యపేటలో రిహార్సల్ గదిలోనైనా తరచూ వినపడే మాట ఒకటుంది. "ఆర్టిస్టుగా నిలదొక్కుకోలేకపోయాడు, అందుకే రైటర్ అయ్యాడు." చాలామంది జాలితోనే అంటారు. కానీ నటన పై మెట్టు, రచన కింది మెట్టు అనే లెక్క ఆ జాలిలోనే ఉంది. ఆ లెక్క తప్పు.

అడివి శేష్‌నే తీసుకోండి. 2002లో 'సొంతం'లో చిన్న వేషం. 2010లో 'కర్మ' తనే రాసి, తీసి, నటించాడు. తర్వాత 'పంజా'లో విలన్, 'బాహుబలి'లో భద్రుడు. 2016లో 'క్షణం' కథ అతనిదే, స్క్రీన్‌ప్లే రవికాంత్ పేరేపుతో కలిసి రాశాడు. హిందీ 'బాఘీ 2'కి మూలం ఆ సినిమానే. "చూశారా, వేషాలు రాకే రాసుకున్నాడు" అంటారు. మరి 'క్షణం' ఆడాక వేషాలకు కొదవ లేదు కదా! అయినా 2018లో 'గూఢచారి'కీ, 2022లో 'మేజర్'కీ కలం వదల్లేదు. గతిలేక పట్టిన పనైతే గతి దొరికిన రోజే వదిలేసేవాడు.

తనికెళ్ల భరణి నాటకాలాడుతూ, రాస్తూ సినిమాకొచ్చారు. 1986లో 'లేడీస్ టైలర్' మాటలు ఆయనవే. 1989లో 'శివ'కు మాటలు రాస్తూనే నానాజీగా తెరమీద కనిపించారు. ఆపైన చేతినిండా వేషాలే. అంతమాత్రాన ఆ కలం మూలన పడలేదు.

నటించినవాడికి రాతలో ఏం ఒరుగుతుందో ఊపిరిని అడగాలి. కాగితం మీద ముచ్చటగా ఉన్న డైలాగు నోటికి ఎక్కకపోతే ఎంత నరకమో స్టేజీ మీద నిలబడ్డవాడికే తెలుసు. తిరునాళ్లలో తెల్లవార్లూ సాగే నాటకంలో వెనక వరసల కునికిపాట్లు మొదట పట్టేసేది నటుడే. ఏ మాట దగ్గర జనం జారిపోయారో అతని ఒంటికి తెలుస్తుంది. రెండు ముక్కల బంట్రోతు వేషం కట్టి, మిగతా సీనంతా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డవాడు, రేపు తను రాసేటప్పుడు ఏ పాత్రనీ ఊరికే నిలబెట్టడు. ఏ స్క్రీన్‌ప్లే పుస్తకంలోనూ ఈ పాఠం ఇంత గట్టిగా ఒంటబట్టదు.

నటించినవాడల్లా రాయగలడని నేననను. నా అభ్యంతరం ఆ జాలి మీద. పోసాని కృష్ణమురళి, ఎల్బీ శ్రీరామ్ సినిమాలకు రాసి, తర్వాత తెరమీద పేరు తెచ్చుకున్నారు. వాళ్లను ఎవరైనా "రాయలేక నటుడయ్యాడు" అన్నారా? ఎదిగారన్నారు. అటు నుంచి ఇటొస్తే ఎదుగుదల, ఇటు నుంచి అటు వెళ్తే ఓటమి! ఇదేం న్యాయం? ఎమ్మా థాంప్సన్ నటనకు ఒక ఆస్కార్, స్క్రీన్‌ప్లేకు ఇంకో ఆస్కార్ అందుకున్నారు. ఆ రెండిట్లో ఏది పై మెట్టో ఎవరైనా చెప్పగలరా?

మన నాటక సమాజాల పెద్దలకు ఒక మనవి. వేషం వేసే కుర్రాడెవరైనా నోటుబుక్కులో ఒక సీను రాసుకొస్తే "ముందు నటన సంగతి చూసుకో" అని పంపేయకండి. ఆ రాత నటనలోంచే వచ్చింది. కూర్చోబెట్టి, పైకి చదివించి వినండి.