బస్సే ఇల్లు, బస్సే ఊరు

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ గురించి. 1937లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, పైనీ వుడ్స్ అనే నల్లజాతి పిల్లల బడికి విరాళాలు పోగుచెయ్యడానికి అక్కడి ఆడపిల్లలతో మొదలైన జాజ్ బ్యాండు ఇది. 1941లో బడితో తెగతెంపులు చేసుకుని సొంతంగా బయల్దేరింది.

నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా ఉంచే అప్పటి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లకు గది ఇచ్చే హోటలు దొరికేది కాదు. బస్సులోనే పడకలు, అక్కడే తిండి. 1943లో చేరిన శాక్సఫోన్ కళాకారిణి రోజ్ క్రాన్ తెల్లమ్మాయి. నల్లవాళ్లతో కలిసి తిరిగితే అక్కడి చట్టం ఊరుకునేది కాదు కనుక, పోలీసుల కంటపడకుండా ముఖానికి ముదురు రంగు పూసుకునేది. పాట కోసం పడ్డ ఈ పాట్లు చదువుతుంటే నాకు కడుపు రగిలిపోయింది.

అలాగని వీళ్లను జాలితో తలుచుకోవడం తప్పు. టైనీ డేవిస్ ట్రంపెట్, వై బర్న్‌సైడ్ టెనర్ శాక్సఫోన్, పాలీన్ బ్రాడీ డ్రమ్స్ ఏ మగ బ్యాండుకూ తీసిపోవు. 'ఆడవాళ్లయినా బాగా వాయించారు' అనే మెప్పు వీళ్లకు అవమానం. 1945లో ఐరోపా వెళ్లి అమెరికా సైనికుల ముందు వాయించారు. 1949కల్లా బృందం చెదిరిపోయింది. జాజ్ చరిత్రకారులు చాలాకాలం వీళ్లను పట్టించుకోలేదు.

మిగిలిన రికార్డింగులు కొన్నే. ముందు అవి వినండి, తర్వాత వ్యాసం చదవండి.

- సంపాదకుడు