మొక్క సరే, డబ్బా సంగతి?

పోయిన వేసవిలో షోలాపూర్‌లోని మా దవాఖానాకు ఒకామె వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. కడుపుబ్బరానికి మందు అడిగింది. భోజనం సంగతి విచారిస్తే ఆకుకూర వారానికి ఒక్క పూటైనా లేదు. ఇంట్లోనే మెంతి, పుదీనా వేసుకోమన్నాను. "పెరడు ఏడుంది హకీం సాబ్, రెండు ఖోలీల ఇల్లు" అంది. గడప పక్కన ఏదో ఒక డబ్బా పెట్టినా చాలన్నాను.

నెల తర్వాత మెంతికూర కట్ట తెచ్చి సంబరంగా నా బల్ల మీద పెట్టింది. ఏ డబ్బాలో వేశావమ్మా అన్నాను. చేనుకు పురుగుమందు కొట్టాక ఖాళీ అయిన డబ్బాను కొడుకు ఊరినుంచి తెచ్చాడట. "సబ్బు పెట్టి మూడుసార్లు కడిగిన సాబ్" అంది. ఆ కూర పారేయమనడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. తప్పు ఆమెది కాదు. ఏదో ఒక డబ్బా అన్నది నేనే.

మందుకన్నా ముందు ఆహారం సరిదిద్దాలన్నది మా యూనానీ పద్ధతి. దాన్ని ఇలాజ్ బిల్ గిజా అంటాం. ఆహారమంటే కూర ఒక్కటే కాదు, పాత్ర కూడా. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని మన పెద్దలకు తెలుసు. మొక్క వేరుకు డబ్బాయే గిన్నె. ఈ మాట మనం మరిచిపోతున్నాం.

పురుగుమందు, యాసిడ్, ఇంజన్ ఆయిల్, రంగుల డబ్బాలు తినే మొక్కలకు వద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందటి డబ్బాల్లో ఎంత ఉందో ఎవరికెరుక? సీసం పసిపిల్లల మెదడుకు చేటు. పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒకటి. ఆకుపచ్చ అయినా అది విషమే. నూనె డబ్బా మీది శాకాహారపు పచ్చచుక్క అనుకుని మోసపోవద్దు.

వంటనూనె డబ్బా, పగిలిన కుండ, చిల్లిపడ్డ బిందె, బియ్యపు సంచి వాడుకోండి. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. మన్ను రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. ఆకుకూరకు జానెడు లోతు చాలు. మిరప, టమాటాలకు అడుగు లోతు కావాలి. మా ఎండకు రేకుడబ్బా కాగి వేళ్లు ఉడికిపోతాయి, చుట్టూ తడి గోనె కట్టండి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో బియ్యం, పప్పు కడిగిన నీళ్లే మొక్కకు పోయండి. కింది పళ్లెంలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికి రెండుసార్లు పారబోసి రుద్ది కడగండి.

మిజాజు చూసి వేసుకుంటే ఇంకా మేలు. మెంతి, పుదీనా వేడి గుణం గలవి. పుదీనా భోజనం తర్వాత ఉబ్బరానికి మంచిది. కొత్తిమీర చలువ. మేము ఖుర్ఫా అనే గంగవాయిలి కూర కూడా చలువే, అయితే మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాన్ని తినకూడదు. మెంతి మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. పుదీనాకు విత్తనం అక్కర్లేదు, బజారు కట్టలోని ముదురు కాడ గుచ్చితే చాలు.

రెండు డబ్బాలతో ఇల్లు గడుస్తుందని నేననను. చక్కెర మాత్రలు ఆపి మెంతికూర తినమనీ అనను. అన్నంలోకి రోజూ పిడికెడు పచ్చని ఆకు దొరుకుతుంది. బీదింటికి అది తక్కువేమీ కాదు. అందుకే ఆ పిడికెడూ శుభ్రమైనది కావాలంటున్నాను.

మొన్న ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మెంతికట్ట కాదు, మొక్కలతో సహా నూనె డబ్బానే చంకలో పెట్టుకొచ్చింది. "ముందు దీన్ని చూడు సాబ్" అంది. మీరు కూడా ఈ పూట మీ కుండీల వంక ఒకసారి చూడండి.