ఇసుక లారీకి జీపీఎస్.. కాపలా ఇసుకకా? ప్రాణాలకా?

సిరిసిల్ల జిల్లాలో ఇసుక లారీ అనగానే నేరెళ్ల గుర్తొస్తుంది. 2017 జూలైలో ఇసుక లారీ ఢీకొని ఒకరు చనిపోవడంతో జనం లారీలకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత పోలీసులు కొట్టారన్న ఆరోపణలు రాష్ట్రమంతా దుమారం రేపాయి. కానీ అసలు ప్రశ్న పక్కకు పోయింది. లారీలు అంత స్పీడుగా ఎందుకు వెళ్తాయి?

జవాబు ట్రిప్పుల లెక్కలో ఉంది. బుకింగ్ ఆన్‌లైన్‌లో అయిపోతుంది. రీచ్ దగ్గర మాత్రం క్యూ తప్పదు. అక్కడ నాలుగు గంటలు పోతే, ఆ టైమ్‌ను డ్రైవర్ రోడ్డు మీదే రాబట్టుకోవాలి. ట్రిప్పు తగ్గితే ఓనర్‌కు కిస్తీ కష్టం. కిరాయి గిట్టాలంటే ఓవర్‌లోడ్ ఒక్కటే దారి అనుకుంటారు.

చట్టం లేక కాదు. డంపర్లకు స్పీడ్ గవర్నర్ గంటకు 60 కిలోమీటర్ల దగ్గర కట్టేయాలి. 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు రూ.20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేలు జరిమానా. ఇసుక బండ్లకు జీపీఎస్ ఉండాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అయితే ఈ నిఘా చూపంతా ఇసుక ఎటు పోతోంది, పర్మిట్ ఉందా అన్నదాని మీదే!

పెద్ద గనుల్లో ఇదే టెక్నాలజీని వేరేగా వాడతారు. ఏ డంపర్ ఏ షవల్ దగ్గరకు వెళ్లాలో కంప్యూటరే చెప్తుంది. క్యూ తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది. హద్దు దాటి స్పీడు పెంచితే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. అంటే ఉత్పత్తి, భద్రత రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి.

మానేరు రీచ్‌లకూ ఇది కుదురుతుంది. లారీకి టైమ్ స్లాట్ ఇచ్చి, ఆ టైమ్‌కే లోడ్ చేస్తే తొందర సగం తగ్గుతుంది. ఊళ్లు, బడుల దగ్గర మ్యాప్‌లో స్పీడ్ హద్దు గీసి, దాటిన బండికి తర్వాతి బుకింగ్ ఆపితే చాలు. చలానా కంటే ఆ దెబ్బకే ఓనర్ భయపడతాడు.

జగిత్యాల, కోరుట్లలో చిక్కు వేరు. అటు గోదావరి, ఇటు ఊళ్ల మధ్య నుంచి పోయే 63వ నంబర్ జాతీయ రహదారి. పర్మిట్ లేకుండా రాత్రిపూట తిరిగే ట్రాక్టర్ ఏ తెర మీదా కనపడదు. దాన్ని ఆపాల్సింది మనుషులే.

జీపీఎస్ పెట్టడం తేలిక. అలారం మోగినప్పుడు ఫోన్ ఎత్తేదెవరు, బండి ఆపేదెవరు? ఆ పేరు, నంబర్ ప్రతి రీచ్ దగ్గరా బోర్డు మీద రాస్తేనే నేరెళ్ల నుంచి పాఠం నేర్చుకున్నట్టు.