ఇరుక్కున్న హ్యాండిల్ నేర్పే పాఠం

సింగరేణి నోటిఫికేషన్ పడిందంటే గోదావరిఖని, రామగుండంలో యువత బిట్ బ్యాంకుల ముందు కూర్చుంటుంది. తప్పు లేదు. 2024లో సంస్థ ప్రకటించిన 327 పోస్టుల్లో 47 ఫిట్టర్ ట్రైనీలవి. పరీక్ష కంప్యూటర్ మీద. ఉద్యోగం మాత్రం పానాతో, సుత్తెతో. ఈ దూరాన్ని కొంతైనా తగ్గించే వర్క్‌షాప్ మన ఇంట్లోనే ఉంది. అదే మూలన పడ్డ పాత సైకిల్.

ఏండ్లుగా కదలని దాని హ్యాండిల్ ఊడదీసి చూడండి. పైన బోల్టు విప్పగానే వచ్చేస్తుందనుకుంటాం. రాదు. ఎందుకు? హ్యాండిల్ కింది కాడ, అంటే స్టెమ్, ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. దాని అడుగున ఏటవాలుగా కోసిన నట్టు ఒకటి. బోల్టు బిగిస్తే అది పైకి వచ్చి గొట్టం గోడకు ఒత్తుకుంటుంది. బోల్టు వదులైనా నట్టు అక్కడే పట్టుకుని ఉంటుంది.

అందుకే బోల్టును మూడు నాలుగు చుట్లే వదులు చేయాలి. పూర్తిగా విప్పితే నట్టును కిందికి తోసే దారి పోతుంది. తల మీద చెక్క ముక్క పెట్టి నిటారుగా కొట్టాలి. నట్టు జారిందా, సగం పని అయినట్టే. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఆగాలి. కాడ విరిగి లోపలే ఉండిపోతే, హాక్సా బ్లేడుతో లోపలి నుంచి నిలువుగా గాటు పెట్టి, ముడిచి తీయాలి. గొట్టానికి గాటు పడితే ఫోర్కే పోతుంది. మళ్లీ బిగించేటప్పుడు గ్రీజు రాయడం, కాడ మీద గీత ఉంటే అది మునిగేదాకా దించడం మరవొద్దు.

ఇందులో బలం కన్నా ఆలోచన ఎక్కువ. ఎక్కడ పట్టుకుంది, దెబ్బ ఎటు పోతుంది, ఏది పాడవుతుంది? బాయిలో పంపు దగ్గరైనా, కన్వేయర్ దగ్గరైనా ఇవే ప్రశ్నలు. కాకపోతే అక్కడ ముందు కరెంటు ఆపాలి. తొందరపడితే పోయేది సైకిల్ కాదు, చెయ్యి.

ఐటీఐ, డిప్లొమా, బీటెక్ ఏదైనా సరే, సర్టిఫికెట్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల నిలబెట్టేది చేతి పనే. ఈ ఆదివారం పుస్తకానికి ఒక గంట సెలవిచ్చి, పానా పట్టండి.