పెళ్లి డల్లాస్‌లో సరే... మరి మీ వీసా?

ఓయూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ప్లేస్‌మెంట్ కబుర్ల మధ్య ఇప్పుడు ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "అబ్బాయి రాలేడట. పెళ్లి అక్కడే చేస్తారట."

ఇలా అనుకోండి. మీరు తార్నాకలో హాస్టల్లో ఉంటూ ఎంబీఏ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నారు. ఆఫర్ లెటర్ వచ్చింది, జూలైలో జాయినింగ్. ఇంతలో సంబంధం కుదిరింది. అబ్బాయి డల్లాస్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాడు. పంతులుగారు ముహూర్తం కూడా పెట్టేశారు. "విజిటర్ వీసా మీద వెళ్లమ్మా, మిగతాది అక్కడ చూసుకుందాం" అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఆ "మిగతాది" ఏంటో టికెట్ కొనక ముందే తెలుసుకోవాలి.

అసలు అబ్బాయి ఎందుకు రాలేడు? పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినా, హెచ్‌1బీ స్టేటస్ ఉంటే అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చు. దేశం దాటితే మాత్రం కొత్త స్టాంపు కావాలి. 2025 సెప్టెంబర్ 2 నుంచి చాలామందికి డ్రాప్‌బాక్స్ సదుపాయం పోయింది, ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. అదే నెల 6 నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే అప్లై చేయాలన్నారు. ఆపైన డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలై, ఇక్కడి ఇంటర్వ్యూలు చాలావరకు 2026కి వాయిదా పడ్డాయి. పెళ్లికని వచ్చినవాళ్లు కూడా ఇండియాలో ఇరుక్కుపోయారు. అంటే అబ్బాయి భయం నిజమే. కాకపోతే పెళ్లిని అక్కడికి మార్చినంత మాత్రాన రిస్కు పోలేదు, అతని మీద నుంచి మీ మీదికి వచ్చింది.

విజిటర్ వీసా మీద వెళ్లి పెళ్లి చేసుకుంటే నేరమని కొందరంటారు, ఏం పర్లేదని ఇంకొందరంటారు. రెండూ సగం నిజాలే. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్న వ్యక్తిని పెళ్లాడటానికి వెళ్లేవారికి బీ2 ఇవ్వొచ్చని, పెళ్లయ్యాక జీవిత భాగస్వామి స్టేటస్‌కి మార్చుకోమని వాళ్లకు చెప్పాలని అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులర్ అధికారులకిచ్చిన మాన్యువల్లోనే ఉంది. ఇవ్వొచ్చు అన్నారంతే, ఇచ్చి తీరాలని కాదు. దానికి ముందు మీరు నిజం చెప్పాలి. డీఎస్‌-160 ఫారంలో టూరిజం అని రాసి, సూట్‌కేసులో తాళిబొట్టు, పట్టుచీరలు, శుభలేఖలు పెట్టుకుని దిగితే ఎయిర్‌పోర్టులో ఏం చెబుతారు? వీసా ఉన్నా లోపలికి రానివ్వాలా వద్దా అన్నది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి ఇష్టం. అబద్ధం చెప్పారని తేలితే జీవితాంతం నిషేధం పడొచ్చు. "ఏజెంటు అలా రాయమన్నాడు సార్" అంటే వినరు, ఫారం మీ పేరు మీదే ఉంటుంది.

గుళ్లో తాళి కట్టినంత మాత్రాన అక్కడ చట్టప్రకారం పెళ్లయినట్టు కాదు. కౌంటీ క్లర్క్ దగ్గర మ్యారేజ్ లైసెన్స్ తీసుకోవాలి. టెక్సస్‌లో అయితే లైసెన్స్ తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి. శుక్రవారం దిగి శనివారం ముహూర్తమంటే కుదరదు. లైసెన్స్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనలో మామూలే కాబట్టి ఇది ఇప్పుడే చూసుకోండి.

ఇక ఉద్యోగం సంగతి. పెళ్లయ్యాక హెచ్‌4కి మార్చమని దరఖాస్తు పెడితే నెలలు పట్టొచ్చు. అది వచ్చినా పనిచేసే హక్కు దానంతట అదే రాదు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డ్ ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొంది ఉంటేనే హెచ్‌4 వాళ్లకు వర్క్ పర్మిట్. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్‌కి పెట్టేవాళ్లకు ఆటోమేటిక్ పొడిగింపు కూడా తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆగిపోవచ్చు. తొలిసారి పుట్టింటికి వచ్చినప్పుడు తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో హెచ్‌4 స్టాంపింగ్ ఇంటర్వ్యూకి మీరే వెళ్లాలి. అబ్బాయి ఏ క్యూకి భయపడ్డాడో అదే క్యూ. కాబట్టి పెళ్లిచూపుల్లోనే అడగండి, "ఐ-140 అయిందా?" అని. జీతం ఎంతని నిర్మొహమాటంగా అడిగే మన పెద్దవాళ్లకు ఈ ప్రశ్న మాత్రం తట్టదు.

గ్రీన్‌కార్డ్ ఉందనగానే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి కూడా. అమ్మాయికి మాత్రం ఒక్కోసారి అదే చిక్కు. అమెరికా పౌరుడైతే కాబోయే భార్యకు కే1 వీసా పెట్టొచ్చు, వెళ్లాక 90 రోజుల్లో పెళ్లి కావాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఆ వీల్లేదు. పెళ్లి చేసుకుని, ఎఫ్‌2ఏ కోటాలో పిటిషన్ వేసి, ఏళ్లు ఆగాల్సి రావొచ్చు. అదే ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డ్ చేతికి రాకముందే పెళ్లయి ఉంటే భార్యకూ అతనితో పాటే వచ్చే దారి ఉంటుంది. కాబట్టి పెళ్లి తేదీ, గ్రీన్‌కార్డ్ తేదీ పక్కపక్కన పెట్టి చూడాలి.

వేరే దేశాల లెక్కలు వేరు. బ్రిటన్‌లో మామూలు విజిటర్ వీసా మీద పెళ్లి చేసుకోకూడదు. మ్యారేజ్ విజిటర్ వీసా ప్రత్యేకంగా ఉంది, అదీ ఆరు నెలల్లోపు తిరిగొచ్చేవాళ్లకే. 2024 జనవరి నుంచి అక్కడ కోర్సుల్లో చేరినవాళ్లలో రీసెర్చ్ చేసేవాళ్లు తప్ప చాలామంది భార్యాభర్తల్ని తీసుకెళ్లలేరు. కెనడాలో కాబోయే భార్యకంటూ వీసా లేదు. స్టూడెంట్ భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ కావాలంటే 2025 జనవరి 21 నుంచి 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని ప్రొఫెషనల్ కోర్సులకే. ఆస్ట్రేలియా సబ్‌క్లాస్ 300 దీనికి తిరగేసి ఉంటుంది. ఆ వీసా మీద అక్కడ అడుగుపెట్టాకే పెళ్లి కావాలి, ఇక్కడ ముందే చేసుకుంటే కుదరదు.

మళ్లీ డల్లాస్ సంబంధానికే వస్తే, ఐ-140 ఇంకా కాలేదంటే నేను చెప్పేది ఇదే. ఇంటర్వ్యూలో పెళ్లికే వెళ్తున్నానని, అయ్యాక తిరిగొస్తానని చెప్పండి. చెప్పినట్టే వచ్చి ఉద్యోగంలో ఉండండి. ఐ-140 అయ్యాక ఇక్కడి నుంచే హెచ్‌4కి అప్లై చేయండి. పెళ్లయ్యాక తను అక్కడ, నువ్వు ఇక్కడా అని ఇంట్లో గొడవవుతుంది, తెలుసు. అయినా వీసా చేతికి రాకముందే ఆఫర్ వద్దని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టకండి. జూలైలో చేరి, పెళ్లికి సెలవు అడగండి.