నెట్ పోయినా వెలిగే బల్బే కొందాం

గోదావరి జిల్లాల గృహస్థులకు, దుకాణదారులకు, ఎలక్ట్రీషియన్లకు విజ్ఞప్తి



ఎల్‌ఈడీ బల్బు మనకు కొత్త కాదు. 2014 చివర్లో మన రాష్ట్రంలో మొదటగా ఇంటింటికీ ఎల్‌ఈడీలు పంచిన నాలుగు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పాత బల్బు ఇచ్చి, పది రూపాయలు కట్టి తెచ్చుకున్నాం. హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేస్తే వెలిగింది. ఇప్పుడొస్తున్న స్మార్ట్ బల్బుకి కరెంటు ఒక్కటే చాలదు. ఇంట్లో వైఫై ఉండాలి, ఫోన్లో యాప్ ఉండాలి, చాలావాటికి ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వరు కూడా పనిచేస్తూ ఉండాలి.

ఈ బల్బులు వద్దని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. వీటి అవసరం మన ప్రాంతానికి ఉంది. అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఏ వీధికి వెళ్లినా పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు ఇద్దరే ఉంటున్న ఇళ్లు కనిపిస్తాయి. అర్ధరాత్రి లేచే తాతగారికి మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్ దాకా సన్నటి వెలుతురు ఉంటే పడిపోతారన్న భయం తగ్గుతుంది. తాళం వేసిన ఇంటి వీధి అరుగు మీద పొద్దుగుంకగానే లైటు దానంతటదే వెలిగితే ఇల్లు ఖాళీగా ఉందని దారిన పోయేవాళ్లకు తెలియదు. అంటే ఈ బల్బు వెళ్లేదే చెడిపోతే బాగుచేసుకోలేని మనుషుల ఇళ్లలోకి, బాగుచేసే మనిషే లేని ఇళ్లలోకి. అందుకే దీన్ని రంగులు చూసి, తగ్గింపు చూసి కొనకూడదు.

మన దగ్గర ఇబ్బంది మొదలయ్యేది కరెంటుతోనే. ఈదురుగాలి లేస్తుంది, కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, వస్తుంది, నిమిషంలో మళ్లీ పోతుంది. మామూలు బల్బుకి దీంతో పేచీ లేదు. చాలా వైఫై బల్బుల్లో మాత్రం ఒక ఏర్పాటు ఉంటుంది. స్విచ్ వెంటవెంటనే మూడుసార్లో అయిదుసార్లో వేసి తీస్తే, బల్బు పాత వైఫై పేరు, పాస్‌వర్డు మరిచిపోతుంది. కొత్తగా కలుపుకోమని ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంది. వైఫై మార్చుకునేటప్పుడు సులువుగా ఉంటుందని పెట్టిన ఏర్పాటు ఇది. కానీ గాలివాన రాత్రి స్విచ్ వేసి తీసేది మన చెయ్యి కాదు, వచ్చిపోయే లైను. తెల్లవారుజామున మూడింటికి పడగ్గదిలో బల్బు అలా కొట్టుకుంటుంటే డెబ్భై ఏళ్ల మామ్మగారు ఏం చేస్తారు? లేచి స్విచ్ ఆపేస్తారు. మర్నాటి నుంచి ఆ స్విచ్ జోలికే వెళ్లరు. అక్కడ డల్లాస్‌లో కొడుకు ఫోన్లో 'ఆఫ్‌లైన్' అని కనిపిస్తూ ఉంటుంది.

ఇంకొకటి. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు చాలా స్మార్ట్ బల్బులు నిండు వెలుతురుతో లేస్తాయి, అంతకుముందు ఆర్పి ఉన్నా సరే. రాత్రి రెండింటికి కరెంటు వస్తే ఇంట్లో అన్ని గదులూ ఒక్కసారిగా వెలుగుతాయి. తాళం వేసిన ఇంట్లో అయితే పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. కరెంటు పోయేముందు ఎలా ఉందో అలాగే ఉండమని యాప్‌లో చెప్పే వీలు ఉండాలి. ఆ సెట్టింగు లేని బల్బు మన ప్రాంతానికి పనికిరాదు.

కాబట్టి రాజమండ్రి మెయిన్ రోడ్డులో కొన్నా, భీమవరంలో కొన్నా, డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర బల్బు పెట్టించి చూడండి. సన్నటి పసుపు వెలుతురు పెట్టి, యాప్‌లో ఆ సెట్టింగు వేయించి, స్విచ్ తీసి వేయమనండి. అదే వెలుతురుతో రావాలి. స్విచ్ వెంటవెంటనే అరడజను సార్లు వేసి తీయమనండి, వైఫై మరిచిపోకూడదు. ఆ తర్వాత అసలు పరీక్ష. రౌటరుకి వచ్చే ఇంటర్నెట్ తీసేసి, వైఫై మాత్రం ఉంచి, ఫోన్లో మొబైల్ డేటా ఆపి, యాప్‌లో నొక్కండి. బల్బు మాట వినాలి. ఆన్‌లైన్‌లో కొనేవారు ఒక్కటే తెప్పించి, ఇదే పరీక్ష ఇంట్లో చేసి, నచ్చకపోతే గడువులోపల తిప్పి పంపండి.

చివరి పరీక్ష మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోనసీమలో చాలా ఊళ్లు చీకట్లో గడిపాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉండి, రౌటరు దాని మీద నడుస్తున్నా, ఊళ్లో ఫైబర్ తెగితే ఇంటర్నెట్ రాదు. సర్వరుని అడిగి వెలిగే బల్బు అప్పుడు ఫోన్‌కి పలకదు. గాలివాన లేని చోట కూడా ఈ ప్రమాదం ఉంది. అమెరికాలో స్మార్ట్ ఇంటి పరికరాలు అమ్మే ఇన్‌స్టియాన్ అనే పేరున్న కంపెనీ 2022 ఏప్రిల్లో ముందు చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. డబ్బు పోసి ఇల్లంతా అమర్చుకున్నవారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివరికి కొందరు వాడకందార్లే ఆ కంపెనీని కొని మళ్లీ నడిపించుకున్నారు. మనం అలా కొనుక్కోగలమా?

దీనికి మందు ఇప్పుడు దొరుకుతోంది. యాపిల్, గూగుల్, అమెజాన్‌లతో పాటు ఎన్నో కంపెనీలు కలిసి 2022 అక్టోబరులో 'మ్యాటర్' అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చాయి. ఆ గుర్తు ఉన్న బల్బుని ఇంట్లోని నెట్‌వర్కు మీదే, సర్వరుతో పనిలేకుండా నడపవచ్చు. ఒక కంపెనీ యాప్ మూతపడినా ఇంకో యాప్‌లోకి మార్చుకోవచ్చు. అట్టపెట్టె మీద ఆ గుర్తు కోసం వెతకండి.

దాంతోపాటు బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో నకిలీదో తేలిపోతుంది. ఎంత వోల్టేజి నుంచి ఎంత దాకా తట్టుకుంటుందో పెట్టె మీద రాసి ఉండాలి. గాలాడని గాజు బుడ్డిలో పెట్టకండి. వేడికి లోపలి సర్క్యూటు ముందే పోతుంది.

ఇల్లంతా స్మార్ట్ బల్బులు నింపమని మాత్రం నేను చెప్పను. హాల్లో, వంటింట్లో నలుగురూ చేత్తో స్విచ్ వేస్తారు. ఎవరో ఒకరు ఆపేస్తే బల్బుకి కరెంటే అందదు. అక్కడ మామూలు ఎల్‌ఈడీ ఉంచి, స్విచ్‌బోర్డు లోపల చిన్న స్మార్ట్ మాడ్యూల్ బిగించడమే మేలు. చేత్తోనూ పనిచేస్తుంది, ఫోన్‌తోనూ పనిచేస్తుంది. ప్లగ్ ఉన్న మన బోర్డుల్లో న్యూట్రల్ తీగ ఎలాగూ ఉంటుంది. పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

దుకాణదారులారా, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో బిల్లు మీద రాసివ్వండి. ఎలక్ట్రీషియన్ సోదరులారా, కరెంటు తిరిగొచ్చినప్పటి సెట్టింగు పెట్టి, పెద్దవాళ్లకు చూపించకుండా ఆ ఇంటి గడప దాటకండి. విదేశాల్లో ఉన్న పిల్లలూ, ఈసారి సంక్రాంతికి వచ్చేటప్పుడు డజను బల్బులు పట్టుకురావద్దు. ఒక్కటి తెచ్చి నాన్నగారి గదిలో పెట్టండి. ఒక వానాకాలం నిలబడితే మిగతావి కొనండి. చెప్పిన మాట నిలబెట్టుకోని బల్బు అంటగడితే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.